వంద గేదెల డైరీ వస్తే పక్క బోర్లు, పొలాలు నిజంగా పాడవుతాయా?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్తా, చదివే మిగతావాళ్ళకి కూడా తెలుస్తది. తెనాలి పక్కన రెండెకరాల మెరక తీసుకుని వంద ముర్రా గేదెలతో షెడ్డు వేస్తన్నారు, చుట్టూ ఉన్న రైతులు బోర్లు చెడిపోతాయి, పొలాలు చౌడుబారతాయి అని పంచాయతీలో అడ్డం పడ్డారు, మీరేమో "పేడంటే ఎరువే కదండీ, తాతల నాటి నుంచీ పొలానికి తోలుతున్నదే కదా, దానివల్ల నేల పాడవడమేంటి" అంటన్నారు. నేను గుంటూరులో చాన్నాళ్ళు మట్టి, నీళ్ళ పరీక్షల పనిలో ఉన్నా, ఆ తర్వాత నుంచి డైరీలు పెట్టేవాళ్ళకి పేడ, మురుగునీళ్ళ లెక్కలు వేసిచ్చే పని చేస్తన్నా. నా మాట ఏంటంటే అది ఎరువు కాబట్టే గొడవ. ఉత్త చెత్త అయితే ఒక మూల గుట్ట పోసి వదిలేసినా ఇంత తంటా ఉండేది కాదు.

లెక్క చూడండి. పాలిచ్చే ముర్రా గేదె రోజుకి అటూఇటూగా 20 కేజీల పేడ వేస్తది, 10 లీటర్ల దాకా మూత్రం పోస్తది. పచ్చిపేడలో నత్రజని 0.3 నుంచి 0.4 శాతం ఉంటది, మూత్రంలో అంతకి రెట్టింపు పైనే, దాదాపు ఒక శాతం దాకా. అందరి కళ్ళూ పేడ మీదే ఉంటాయి గానీ అసలు సరుకు సగం పైన కాలవలో కొట్టుకుపోయే ఆ మూత్రంలోనే ఉంటది. రెండూ కలిపి రోజుకి 150 గ్రాములు, ఏడాదికి ఒక గేదెకి 55 కేజీల నత్రజని అనుకోండి. 45 కేజీల యూరియా కట్టలో ఉండే నత్రజని 20.7 కేజీలే. అంటే ఒక్కో గేదె ఏడాదికి రెండున్నర కట్టల యూరియా పైన, వంద గేదెలు 260 కట్టలు. మీ రెండెకరాల మీద ప్రతి ఏడాదీ 260 కట్టల యూరియా దించి తాడు విప్పి పోసినట్టన్నమాట. వరికి ఎంత ధారాళంగా చల్లే రైతైనా ఎకరానికి మూడు నాలుగు కట్టలు దాటడు కదా, మిగతాది ఎటు పోద్ది? అదే మీ పక్కపొలం వాళ్ళ ప్రశ్న, వాళ్ళకి ఈ లెక్క తెలియకపోవచ్చు గానీ అనుమానం మాత్రం సరైన చోటే ఉంది.

తాతల నాటి సంగతి వేరండీ. ఇంటికి రెండు గేదెలు, నాలుగైదెకరాల పొలం, ఆ పొలంలో వచ్చిన గడ్డే వాటికి మేత, వాటి పెంట మళ్ళీ ఆ పొలానికే వేసవిలో బండి కట్టి తోలేవాళ్ళు. వచ్చింది వచ్చిన చోటికే పోయేది. ఇప్పుడు మీ షెడ్డుకి దాణా ఎక్కడ నుంచి వస్తది? పత్తిచెక్క గుంటూరు మిల్లుల నుంచి, తవుడు రైస్ మిల్లు నుంచి, మొక్కజొన్న ఇంకో జిల్లా నుంచి, సోయా చెక్క అయితే వేరే రాష్ట్రం నుంచి, వరిగడ్డి చుట్టుపక్కల పది ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద. వందల ఎకరాల నేలలో ఉన్న సారం లారీలెక్కి మీ రెండెకరాలకి వచ్చి దిగుతది. పాలతో బయటికి పోయేది అందులో నాలుగో వంతు ఉంటే గొప్ప, మిగతాదంతా షెడ్డు వెనకాలే ఉండిపోద్ది. ఎక్కడో పత్తి చేలల్లో సారం తగ్గతా ఉంటది, మీ దగ్గర పేరుకుపోతా ఉంటది. ఇంటెన్సివ్ డైరీ అంటే ఇదే, పశువుల సంఖ్య కాదు, ఎకరానికి ఎన్ని పశువులు అనేది అసలు కొలత. ఐదొందల గేదెలు ఉన్నా తగినంత మేతభూమి ఉంటే పెద్ద ఇబ్బంది లేదు, సెంటు భూమి లేకుండా ఊరి నడిమధ్య ఇరవై గేదెలు ఉంటే ఉంది.

ఇప్పుడు నేల సంగతి. పేడలో ఉన్న నత్రజని త్వరగా కదలదు, మూత్రంలోది పేడతో కలిసిందంటే గంటల్లోనే అమ్మోనియా అయ్యి కొంత గాల్లోకి పోద్ది (పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే కళ్ళు మండేది అదే), మిగిలింది నేలలో నైట్రేట్ అవుద్ది. నైట్రేట్‌ని మట్టి పట్టుకోదు, నీళ్ళు ఎటు పోతే అటు పోద్ది. అందుకని మీ నేల ఏంటి అనేదాన్నిబట్టి జవాబు మారిపోద్ది. ఇదే ప్రశ్న బాపట్ల, చీరాల ఇసక నేలల నుంచి ఎవరన్నా అడిగితే నేను ముందే వద్దని చెప్తా, అక్కడ ఫిల్టర్ పాయింట్లలో (ఇసకలో వేసే లోతు తక్కువ బోర్లు) నీళ్ళు చాలా పైనే ఉంటాయి, ఇసక దేన్నీ ఆపదు, ఈ ఏడు పోసింది త్వరలోనే పంపులో వస్తది. మీ తెనాలి వైపు నల్ల ఒండ్రు, జిగట ఎక్కువ, వరి మడుల్లో నీళ్ళు నిలబడి ఉన్నన్నాళ్ళూ నైట్రేట్ చాలావరకు గాలిగా మారి పైకి పోద్ది, కిందికి దిగేది తక్కువ. ఆ మేరకి మీరు అదృష్టవంతులే. కానీ కాలవలు కట్టేసినాక ఏప్రిల్, మే నెలల్లో మీ పొలం చూడండి, చెయ్యి పట్టేంత బీటలు, లోపల ఎంత లోతు పోయిందో కనపడదు. అప్పుడు షెడ్డు కడిగిన నీళ్ళు ఆ పొలంలోకి వదిలితే జిగటా లేదు ఏమీ లేదు, బీటల్లోంచి నేరుగా కిందికే. జిగట నేల కదా మాకేం కాదు అనేవాళ్ళు ఈ రెండు నెలల్నీ మర్చిపోతారు.

ఇంకోటి, గేదెల్ని ఆరుబయట వదిలే దొడ్డి. పశువులు తొక్కి తొక్కి పేడా మట్టీ కలిసి పైన ఒక గట్టి పొర కడతది, అది ఉన్నన్నాళ్ళూ కిందికి పెద్దగా దిగదు. వ్యాపారం కలిసిరాక పశువుల్ని అమ్మేసి దొడ్డి ఖాళీగా వదిలేస్తారు చూశారా, అప్పుడు ఆ పొర ఎండి పగిలి, ఏళ్ళ తరబడి పేరుకున్నదంతా రెండు వానలకి దిగుతది. మూసేసిన డైరీ పక్క బోరు మూసేసినాక చెడిపోయిందంటే జనం నమ్మరు గానీ ఇదీ కారణం.

నీళ్ళలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో దానికి సడలింపు కూడా లేదు. దాటితే ఎక్కువ ప్రమాదం నెలల పిల్లలకి, డబ్బా పాలు ఆ నీళ్ళతో కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలం తిరుగుద్ది. నైట్రేట్‌కి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మరగపెడితే పోదు, నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడద్ది. ఆర్వోలో చాలావరకు పోద్ది గానీ ఊరంతా ఆర్వో క్యాన్లు తాగుతన్నారు కదా అని బోరుని వదిలేస్తే గొడ్లు తాగేది ఆ బోరు నీళ్ళే.

అయితే బోరులో నైట్రేట్ రాగానే డైరీ మీద పడిపోవడం కూడా కరెక్ట్ కాదు. గుంటూరు వైపు మిరపకి, ప్రత్తికి వేసే ఎరువులు తక్కువేం కాదు, ఊళ్ళల్లో అడుగు లేని సెప్టిక్ ట్యాంకులు ఇంటికొకటి ఉన్నాయి, వాటి నుంచి కూడా అదే నైట్రేట్ వస్తది. నేను చూసే పద్ధతి ఏంటంటే ఒక్క నైట్రేట్ కాకుండా క్లోరైడు, ఈసీ (నీళ్ళల్లో మొత్తం ఉప్పుల కొలత), కోలీఫామ్ (పేడ, మలం కలిస్తే కనపడే బాక్టీరియా) నాలుగూ కలిపి చేయిస్తా. నైట్రేట్ ఒక్కటే ఎక్కువుండి మిగతావి మామూలుగా ఉంటే పొలం ఎరువు మీద అనుమానం, నాలుగూ పెరిగితే పేడ గానీ సెప్టిక్ ట్యాంక్ గానీ. డెల్టాలో కింద భాగాల్లో పాత ఉప్పునీళ్ళ వల్ల క్లోరైడు ముందే ఎక్కువుంటది కాబట్టి, డైరీకి దూరంగా అంతే లోతున్న ఇంకో బోరు నీళ్ళతో పోల్చకపోతే ఆ అంకెకి అర్థమే లేదు.

చాలాసార్లు నేల తప్పే ఉండదు, బోరు తప్పు ఉంటది. దుగ్గిరాల వైపు ఒక షెడ్డు దగ్గర పక్కింటి వాళ్ళ బోరు వాసన వస్తందని గొడవైతే వెళ్ళాం. షెడ్డు గుంట చాలా దూరంగానే ఉంది, రైతు జాగ్రత్తపరుడే. బోరు దగ్గర కూర్చుని చూస్తే కేసింగ్ పైపు నేలకి సమంగా కోసేసి ఉంది, దాని చుట్టూ డ్రిల్లింగ్ అప్పుడు పడిన సందు అలాగే ఉంది, సిమెంటు పెట్టలేదు. గేదెల్ని ఆ పంపు కిందే కడుగుతన్నారు, ఆ పేడనీళ్ళు కాళ్ళ మధ్య నుంచి పారి పైపు చుట్టూ సుళ్ళు తిరుగుతా బుడగలేసుకుంటా లోపలికి దిగిపోతన్నాయి, మేం చూస్తండగానే. వేలకి వేలు పెట్టి గుంటకి లైనింగ్ వేయించే ముందు కేసింగ్ నేలకంటే ఒకటిన్నర అడుగు పైకి లేపి, చుట్టూ సందు సిమెంటుతో పూడ్చి, బయటికి వాలుగా ఒక గట్టు కట్టించండి, మీదే కాదు, పక్కన ఉన్న వాళ్ళవి కూడా మీ ఖర్చుతో. గొడవ సగం అక్కడే చల్లారుద్ది.

పొలం ఎలా పాడవుద్ది అన్నారు కదా. మురుగు పారే బోదె పక్కనున్న వరి మడిని ఎప్పుడన్నా దగ్గరగా చూశారా? మొదట్లో అందరికీ ముచ్చటేస్తది, మిగతా చేను లేత పచ్చగా ఉంటే ఆ మూల నల్లగా నిగనిగలాడతా నడుం ఎత్తు ఉంటది. ఆకు వెడల్పుగా మెత్తగా వాలిపోయి ఉంటది, దుబ్బు విడదీసి చూస్తే మొదలు దగ్గర గాలాడక తడిగా ఉంటది, సుడిదోమ మొదట కనపడేది అక్కడే, అగ్గితెగులు మచ్చలు కూడా. ఈనిక తర్వాత ఒక్క గాలివానకి ఆ మూల మొత్తం పడిపోద్ది, కోసి చూస్తే సగం తాలు. దుబ్బు పీకితే వేర్లు తెల్లగా ఉండాల్సింది నల్లగా ఉండి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తది, మాగని పేడ నీళ్ళల్లో కుళ్ళేటప్పుడు వచ్చే గ్యాస్ అది, వేరుని చంపుద్ది. రైతు ఏమనుకుంటాడంటే డైరీ నీళ్ళల్లో ఏదో యాసిడ్ ఉందనుకుంటాడు. యాసిడ్ ఏం లేదండీ, తిండి ఎక్కువై చచ్చింది.

ఇది ఒక పంటతో పోయే నష్టం, పోనీ అనుకోవచ్చు. నిదానంగా పేరుకునేవి వేరే ఉన్నాయి. భాస్వరం ఒకటి, అది నైట్రేట్ లాగా కొట్టుకుపోదు, పోసిన చోటే ఏటికేడు పెరుగుతది, మన రైతులు డీఏపీ ఎక్కువ వాడటం వల్ల మట్టి పరీక్షల్లో భాస్వరం ముందే ఎక్కువ వస్తా ఉంటది, దానిమీద ఇదీ తోడైతే వరికి జింక్ అందదు, ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చి పైరు గిడసబారుద్ది, రైతు జింకు సల్ఫేట్ కొంటానే ఉంటాడు. రెండోది ఉప్పు. దాణాలో ఉప్పు, మినరల్ మిక్చరు, మూత్రంలో ఉప్పు, పాల మిషను కడగడానికి వాడే కాస్టిక్ సోడా, పైగా బోరు నీళ్ళే ఉప్పగా ఉంటే రోజూ వేల లీటర్లతో కడిగే ఆ నీళ్ళ ఉప్పు. జిగట నేలలో మురుగు పోయే దారి లేకపోతే అదంతా పైకి వచ్చి తెల్లగా పేరుద్ది. మీ వాళ్ళు చౌడు అంటన్నది దీన్నే, అది ఒక్క ఏడాదిలో రాదు గానీ వచ్చిందంటే జిప్సం తోలి, నీళ్ళు నిలగట్టి కడిగి, డ్రెయిన్ తవ్వి... చాలా ఖర్చు. మూడోది ఎవరూ పట్టించుకోరు, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). గిట్టల జబ్బుకి పశువుల కాళ్ళు ముంచి నడిపించే ఫుట్‌బాత్‌లో 5 శాతం తుత్తం కలుపుతారు, మురికి పట్టాక ఆ నీళ్ళు ఎక్కడ పారబోస్తారు? మురుగు గుంటలోకే. రాగి నేలలో చేరితే కుళ్ళదు, ఆవిరవ్వదు, అలాగే ఉండిపోద్ది. వంద పశువులకి ఏడాదికి ఎంత తుత్తం కొంటన్నారో బిల్లులు తీసి చూసుకోండి, కొన్నదంతా మీ మేత పొలంలోనే ఉందన్నమాట. గిట్టలు పొడిగా ఉండేట్టు షెడ్డు వాలు సరిగ్గా పెట్టుకుంటే (40 అడుగులకి ఒక అడుగు) ఫుట్‌బాత్ వాడకమే తగ్గుద్ది.

"గోబర్ గ్యాస్ పెడతన్నాం సార్, ఇంక సమస్య లేదు" అని మీరు రాశారు. ఈ మాట నేను అందరి దగ్గరా వింటా, ప్లాంట్ అమ్మేవాళ్ళు కూడా ఇలాగే చెప్పి అమ్ముతారు. పెట్టండి, మంచిదే, 25 కేజీల పేడకి ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తది, అది 0.45 కేజీల సిలిండర్ గ్యాస్‌తో సమానం, వాసన తగ్గుద్ది, ఈగలు తగ్గుతాయి, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. కానీ ప్లాంటులోకి పోయిన నత్రజని దాదాపు అంతా స్లర్రీలో (గ్యాస్ పోయాక మిగిలే పేడ జారు) బయటికి వస్తది. గ్యాస్‌గా పోయేది కర్బనం మాత్రమే. ఇంకా చెప్పాలంటే స్లర్రీలో నత్రజని పచ్చిపేడలో కంటే త్వరగా పనిచేసే రూపంలో ఉంటది, పొలానికి సరిగ్గా వేస్తే అది లాభం, వదిలేస్తే త్వరగా బోరుకి చేరుద్ది. 260 కట్టలు గ్యాస్ ప్లాంటు ముందు ఎన్నో వెనక కూడా అన్నే. కాబట్టి పంచాయతీలో దీన్ని అడ్డంపెట్టుకుని వాదించకండి, తెలిసినవాడు ఎవడన్నా లేచి అడిగితే పరువు పోద్ది.

నీళ్ళ వాడకం గురించి పెద్దగా రాయను. తాగడానికి గేదెకి 60-80 లీటర్లు, మన గుంటూరు ఎండలకి ఇంకా ఎక్కువ, గేదెకి చెమట గ్రంథులు తక్కువ కాబట్టి వేసవిలో ఒంటి మీద నీళ్ళు పడాల్సిందే. తగ్గించుకోగలిగేది షెడ్డు కడిగే నీళ్ళే. పైపు పెట్టి పేడని తోసేస్తే ఒక్కో గేదెకి వంద లీటర్లు పైన పోతాయి, ముందు పారతో పొడిగా ఎత్తేసి తర్వాత కడిగితే యాభైతో అయిపోద్ది. మనిషి కూలి పెరుగుద్ది అంటారు, నిజమే, కానీ తగ్గిన ప్రతి లీటరూ మళ్ళీ గుంటలో దాచక్కర్లేని లీటరు.

ఇక మీ చేతిలో ఉన్న పరిష్కారం, మేతభూమి. యూరప్‌లో 1991 నుంచి ఒక రూల్ ఉంది, నీళ్ళు త్వరగా పాడయ్యే ప్రాంతాల్లో హెక్టారుకి ఏడాదికి 170 కేజీల నత్రజని మించి పశువుల ఎరువు వేయకూడదని. అది ఎకరానికి 69 కేజీలు, మన లెక్కలో ఎకరానికి ఒక గేదె పైచిలుకు. నెదర్లాండ్స్ లాంటి దేశాల్లో అంత టెక్నాలజీ ఉండి కూడా పశువులు ఎక్కువై, 2019లో నత్రజని కాలుష్యం మీద కోర్టు తీర్పు వచ్చాక దేశం మొత్తం అల్లకల్లోలమైంది, రైతులు ట్రాక్టర్లతో రోడ్లెక్కారు. మనకి అదే రూల్ పెట్టమని నేను అనను, వాళ్ళకి చలికాలం అంతా నేల పడుకుంటది, మనకి కాలవ నీళ్ళుంటే ఏడాది పొడుగునా పెరిగే నేపియర్ గడ్డి ఉంది. నేపియర్ మహా తిండిపోతు. ఎకరానికి ఏడాదికి వంద టన్నుల పచ్చిమేత తీస్తే దాంతోపాటు నేలలోంచి 250 కేజీల దాకా నత్రజని లాగుద్ది. గాల్లోకి పోయేది పోగా ఎకరం నేపియర్ ఆరేడు గేదెల మురుగుని మింగేస్తది అనుకోవచ్చు. వంద గేదెలకి పదిహేను ఎకరాలు. ఇది పేడా మూత్రం అన్నీ అక్కడే వాడితే.

ఒక జాగ్రత్త, చాలామంది రెండెకరాల నేపియర్‌కే మొత్తం స్లర్రీ తోలి గడ్డి బలే వస్తందని మురిసిపోతారు. ఎక్కువ నత్రజని తాగిన నేపియర్, జొన్న, మొక్కజొన్న కాడల్లో నైట్రేట్ నిలవుంటది, మబ్బు పట్టినప్పుడు, నీటి ఎద్దడి తర్వాత ఇంకా ఎక్కువ. అది తిన్న పశువు గసపోసి, తూలి, కొన్ని గంటల్లో పడిపోద్ది, రక్తం చాక్లెట్ రంగులో ఉంటది. పాము కరిచిందనుకుంటారు. డాక్టరుకి ఫోన్ చేసేటప్పుడే మేత ఏం వేశారో, పొలానికి స్లర్రీ ఎప్పుడు తోలారో చెప్పండి, మిథిలిన్ బ్లూ అనే విరుగుడు ఇంజెక్షన్ టైముకి పడితే బతుకుద్ది. కోసేటప్పుడు కాడ మొదలు ఒక జానెడు పైకి వదిలి కోయండి, అక్కడే ఎక్కువుంటది. పాతర వేసి సైలేజీ చేస్తే కూడా బాగా తగ్గుద్ది.

పదిహేనెకరాలు తెనాలిలో ఎక్కడ దొరుకుతాయి, కౌలు రేట్లు ఎలా ఉన్నాయో నాకు తెలుసులే. అందుకే పేడని మూత్రాన్ని విడదీయమంటన్నా. వంద గేదెలకి ఏడాదికి 730 టన్నుల పచ్చిపేడ, మాగితే సగం కంటే తక్కువకి దిగి 300 టన్నులు పైచిలుకు ఎరువవుద్ది. మిరపకి ఎకరానికి 10 టన్నుల పశువుల ఎరువు వేయమని యూనివర్సిటీ వాళ్ళ సిఫారసు. అంటే ముప్పై ఎకరాల మిరప రైతులు చాలు మీకు. ప్రత్తిపాడు, మేడికొండూరు, సత్తెనపల్లి వైపు పోండి, అక్కడ నేలల్లో సేంద్రియ కర్బనం అడుగంటి ఉంది, ట్రక్కు ఎరువుకి మంచి రేటిచ్చి తీసుకుంటారు. పచ్చిది మాత్రం అమ్మకండి, వేరుపురుగు గుడ్లు, కలుపు గింజలు దాంతోపాటే పోతాయి, ఒక్కసారి మిరప రైతు తోటలో వేరుపురుగు పడిందంటే మీ దగ్గరకి మళ్ళీ రాడు. మూడు నాలుగు నెలలు నీడన కుప్ప వేసి, మధ్యలో రెండుసార్లు తిరగేసి, చేత్తో పిసికితే మట్టివాసన వచ్చాక లోడ్ చేయండి. పేడ అలా ఊరు దాటిపోతే మీకు మిగిలేది మూత్రం, కడుగునీళ్ళు. దానికి ఎనిమిది పదెకరాల మేత చాలు, కౌలుకి తీసుకున్నా సరే. ప్రతి కోత తర్వాత కాలవ నీళ్ళల్లో పలచగా కలిపి ఆ పొలానికి పారించండి, ఈసారి ఈ మడి, వచ్చేసారి ఆ మడి.

గుంట సైజు చెప్తా. పేడ పొడిగా ఎత్తేస్తే రోజుకి మూత్రం, కడుగునీళ్ళు కలిపి వంద గేదెలకి ఆరు వేల లీటర్లు. వానాకాలంలో పొలం తడిసి ముద్దగా ఉన్నప్పుడు తోలకూడదు కాబట్టి రెండు నెలల నిలవ, 3.6 లక్షల లీటర్లు. 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 2 లోతు అయితే పైన కాస్త ఖాళీ ఉండి సరిపోద్ది. అడుగున రొయ్యల చెరువులకి పరిచే హెచ్‌డీపీఈ షీట్ వేయించండి, నల్లమట్టి తనంతట తానే పూడుకుంటదని కొందరు చెప్తారు, ఎండాకాలం గుంట ఖాళీ అయినప్పుడు బీటలిస్తది, మళ్ళీ మొదటికొస్తది. షెడ్డు రేకుల మీద పడే వాన గుంటలోకి రాకూడదు. ఆరు వేల చదరపు అడుగుల రేకుల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 55 వేల లీటర్లు, తొమ్మిది రోజుల చోటు ఒక్క పూటలో నిండిపోద్ది. రేకుల చివర గట్టర్ పెట్టి వేరే దారి చూపించండి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచింది, ఎప్పుడో వందేళ్ళకొకసారి వచ్చే వాన అనుకుని కట్టే రోజులు కావు. గుంట గట్టు చుట్టూ ఉన్న నేలకంటే రెండడుగులు ఎత్తు ఉండాలి.

మీ ఊరికి అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదేనని నా అభిప్రాయం, బోరు కాదు, కాలవ. డెల్టా ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులు నింపుకునేది పంట కాలవల నుంచే. మీ గుంట పొంగి బోదెలో పడితే కింది ఊరు తాగుద్ది. మామూలు ఇళ్ళ మురుగుకి బీఓడీ (కుళ్ళేటప్పుడు నీళ్ళల్లో ఆక్సిజన్ ఎంత లాగేస్తదో చెప్పే కొలత) లీటరుకి 200, 300 మిల్లీగ్రాములు ఉంటది, చిక్కటి పేడ స్లర్రీకి పది వేలు దాటుద్ది, పాలకైతే లక్ష. పొదుగువాపు వచ్చిన పాలు, ఇంజెక్షన్లు వేసిన రోజుల్లో అమ్మకూడని పాలు కాలవలో పారబోస్తారు చూడండి, పది లీటర్లే కదా అనుకుంటారు, చిన్న గుంటలో చేపలకి ఆక్సిజన్ లేకుండా చేయడానికి అవి చాలు. ఆ పాలు పేడ కుప్పలో పోయండి. గుంట నుంచి డ్రెయిన్‌లోకి పైపు అనేదే ఉండకూడదు, "ఎమర్జెన్సీకి" అని కూడా పెట్టకండి, పెట్టిన ప్రతి చోటా వారానికోసారి ఎమర్జెన్సీ వస్తది.

పర్మిషన్ల విషయం, 1974 నీటి చట్టం కింద పొల్యూషన్ బోర్డు అనుమతి కావాలి, కేంద్ర బోర్డు డైరీలకి 2020లో మార్గదర్శకాలు ఇచ్చి 2021లో సవరించింది, ఇళ్ళకి, బావులకి, చెరువులకి ఎంత దూరం ఉండాలో అందులో ఉంటది. సవరించిన కాపీ తీసుకుని పునాది తీయకముందే కొలుచుకోండి, పిల్లర్లు లేచాక కొలిస్తే లాభం లేదు.

గేదెలు దిగకముందే ఒక పని చేయండి. మీ బోరు, పక్కన రెండు బోర్లు, బోదె నీళ్ళు నాలుగు శాంపిళ్ళు, అడ్డం పడ్డ రైతుల్లో గట్టిగా మాట్లాడేవాడిని పక్కన పెట్టుకుని తీయండి. పంపు పది నిమిషాలు వదిలాక, సీసా అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపి, ఐస్‌లో పెట్టి ఆ రోజే ల్యాబుకి ఇవ్వాలి. కోలీఫామ్‌కి మాత్రం ల్యాబు వాళ్ళిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసా, దాన్ని కడగకూడదు. మేత వేయబోయే పొలం మట్టి కూడా ఇవ్వండి, ఈసీ, భాస్వరం, జింకు, రాగి అడిగి చేయించండి. రిపోర్టు కాపీ వాళ్ళ చేతికే ఇవ్వండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఏటా అదే చోట తీయండి. రేపు అంకె పెరిగితే మీకే ముందు తెలుస్తది, పెరగకపోతే ఎవరూ మిమ్మల్ని అనలేరు.

మేత కౌలుకి ఎన్ని ఎకరాలు దొరుకుతున్నాయో, గుంటకి అనుకున్న చోటు నుంచి బోదె ఎన్ని మీటర్లో రాయండి. ఎకరాలు తేలకుండా వంద గేదెలకి అడ్వాన్సు ఇవ్వకండి, నలభైతో మొదలుపెట్టేట్టు అయినా ప్లాన్ వేసిస్తా.